తప్పును దాచని పెద్ద నర్సమ్మ

మా పెద్ద నర్సమ్మ చనిపోయింది. ఆ కబురు తాండూరు నుంచి పొద్దుటి రైల్లో ఆమె మేనకోడలు తెచ్చింది. మేము అప్పుడు వార్డులో గంజి పోస్తున్నాం. ఆ పిల్ల వరండాలో స్తంభానికి ఆనుకుని, "అత్త పోయిందక్కా. నిన్న పొద్దుగూకే యాళ్లకు. మొదట మీకు చెప్పాల్నని ముందే చెప్పి పెట్టింది" అన్నది. నేను గంజి గిన్నె దింపలేదు. చివరి మంచం దాకా పోసి వచ్చి, అప్పుడు ఆ పిల్ల పక్కన కూర్చుని ఏడ్చాను. గంజి చల్లారిపోయేలా ఏడిస్తే మా పెద్ద నర్సమ్మ ఒప్పుకునేది కాదు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. వికారాబాద్ ఊరి బయట, పోలీసు చర్య తర్వాత ఖాళీగా పడి ఉన్న ఒక పాత బంగళాను కొందరు పెద్దలు కమిటీగా ఏర్పడి, ముసలివాళ్ళ కోసం, లేవలేని రోగుల కోసం సదనంగా మార్చారు. ఊళ్ళో మాత్రం అందరూ ముసలోళ్ళ దవాఖానా అనే అంటారు. ఆ సదనానికి మొదటి నుంచీ బాధ్యురాలు అక్కడి హెడ్ నర్సు; అందరం ఆమెను పెద్ద నర్సమ్మ అనేవాళ్ళం. హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రలో కలిసిన ఏడాది నేను అక్కడ ఆయాగా చేరాను. నాకు చదువు ఏడో తరగతి. పని అంటే మంచాలు తుడవడం, అన్నం తినిపించడం అనుకుని వెళ్ళాను.

మొదటి రోజు ఆమె నన్ను వెంటబెట్టుకుని వార్డు గుమ్మం దగ్గర ఆగింది. "అవ్వా, లోపటికి రావచ్చునా?" అని అడిగింది. లోపలి నుంచి ఎవరో "రా బిడ్డా" అన్న తర్వాతే గడప దాటింది. నాకు నవ్వొచ్చింది. బయటికి వచ్చాక అన్నది: "నవ్వకు. మంచాల మీదున్నోళ్ళు మన పని కాదు. గిది వాళ్ళ ఇల్లు. మనం వాళ్ళింట్ల పనికొచ్చినం."

ఆమెకొక విచిత్రమైన అలవాటు ఉండేది. ఏ మంచమైనా ఖాళీ అయితే, కొత్త రోగి రాకముందు చెప్పులు విడిచి ఆ మంచంలో తాను పడుకునేది. వెల్లకిలా ఒకసారి, కుడి పక్కకు ఒకసారి, ఎడమ పక్కకు ఒకసారి. చేయి చాపి నీళ్ళ చెంబు అందుతుందో లేదో చూసేది. లేచి, "పొద్దంత మొఖం మీద ఎండ కొడ్తది, జరుపుండ్రి" అనేది. ఒకసారి మూలనున్న మంచంలో చాలాసేపు పడుకుని, "ఈడికెళ్ళి తలుపు కానొస్తలేదు. ఎవరొస్తున్నరో తెల్వకుంటె మనిషికి భయమైతది" అని మంచాన్ని అటు నుంచి ఇటు తిప్పించింది.

నెలకొకసారి అగ్గి అంటుకున్నట్టు ఉత్తుత్తి కసరత్తు ఉండేది. మా అందరిలో బరువైన వంటాయనను దుప్పట్లో పడుకోబెట్టి, నలుగురం నాలుగు కొనలు పట్టుకుని వాకిట్లోకి మోయాలి. "నేనేమన్న రోగినా అమ్మా?" అని ఆయన మొత్తుకునేవాడు. "నిన్ను మోసినోళ్ళు ఎవరినైన మోస్తరు. జర సప్పుడు చెయ్యకుండ పండు" అనేది. అవ్వలూ తాతలూ కిటికీల్లోంచి చూసి ఎంత నవ్వేవాళ్ళో.

ఇవన్నీ తలుచుకుంటే ముచ్చటగానే ఉంటాయి. కానీ ఆమె ఎలాంటి మనిషో నాకు తెలిసింది నా తప్పు వల్ల.

అది నేను చేరిన రెండో చలికాలం. పూడూరు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. గొర్లు కాసుకునే ఇంటి మనిషి. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయింది. ఆ కాలు గిచ్చినా ఆమెకు తెలియదు. ఆ పొద్దున "కాళ్ళు సల్లగైతున్నయ్ బిడ్డా" అన్నది. తోటి ఆయా జ్వరంతో రాలేదు, పద్నాలుగు మంచాలకూ నేనొక్కదాన్నే. మరుగుతున్న నీళ్ళు రబ్బరు సంచిలో పోసి, గుడ్డయినా చుట్టకుండా ఆమె పాదాల దగ్గర పెట్టి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి అవ్వ నవ్వుతోంది. "కుడి కాలికి ఎచ్చగ తగులుతున్నది, పానం మంచిగైంది" అన్నది. దుప్పటి తీసి చూస్తే ఎడమ మడమ మీద ఇంత లావు బొబ్బ.

దుప్పటి మళ్ళీ కప్పేశాను. సంచి దాచేశాను. మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదు. కానీ అంతకు ముందు ఒకసారి పెద్ద నర్సమ్మ, ఒక తాత మందు ఇంకో తాతకు ఇచ్చి, వెంటనే డాక్టరును పిలిపించి, ఆ పొరపాటును తన చేత్తోనే రిజిస్టరులో రాసి మా అందరికీ చదివి వినిపించింది. అది గుర్తొచ్చి అన్నం ముందు నుంచి లేచాను. వెళ్ళి చెప్పేశాను.

ఆమె నన్ను తిట్టలేదు. "ఇప్పుడు అవ్వ ఎట్లున్నది?" అని మాత్రం అడిగి, లేచి వెళ్ళి కట్టు కట్టింది. తర్వాత రిజిస్టరు తీసింది. నీళ్ళు మరీ వేడి అని రాసింది. గుడ్డ చుట్టలేదని రాసింది. కింద ఇంకో మాట కూడా రాసింది: పద్నాలుగు మంచాలకు ఒకే మనిషిని పెట్టిన తప్పు నాది. నా చేత సంతకం చేయించి, తానూ చేసింది.

మరుసటి రోజు కమిటీ పెద్దసారు వచ్చాడు. ఆ వారంలోనే సర్కారు డాక్టరు తనిఖీకి రానున్నాడు. ఆ పేజీ చూసి ఆయన ముఖం మారిపోయింది. "గీ కాగితం చింపు. ముసలామెనే కుంపట్ల కాలు పెట్టిందని రాయి. ఆ పిల్లను ఇంటికి పంపు" అన్నాడు.

నేను తలుపు చాటున నిలబడి వింటున్నాను. పెద్ద నర్సమ్మ గొంతు పెంచలేదు. "ఈ పిల్లను పంపుతె రేపు ఇంకొకళ్ళ చేతుల గిదే తప్పయితది సారు. కానీ మనకు చెప్పరు. లోపల్లోపల పుండు మురిగినంక తెలుస్తది. నేను చింప."

"అయితే జవాబు నువ్వే చెప్పుకో."

"చెప్పుకుంట సారు."

రెండు రోజులకు అవ్వ కొడుకు వచ్చాడు. భుజాన గొంగడి. ఆమె నన్ను ఆయన ముందుకు తీసుకుపోయి, "నువ్వే చెప్పు" అన్నది. చెప్పాను. ఆయన దుప్పటి ఎత్తి తల్లి పాదం చూశాడు. మళ్ళీ కప్పి, "మా అమ్మకు సోయి లేదు. మీకుండె గదా" అన్నాడు.

"నిజమే తమ్మీ. తప్పు మాదే" అన్నది పెద్ద నర్సమ్మ. ఇంకొక్క మాట కలపలేదు.

ఆయన వరండాలో గొంగడి పరుచుకుని మూడు రోజులు ఉన్నాడు. కట్టు మార్చిన ప్రతిసారీ వచ్చి నిలబడ్డాడు. ఇక తల్లిని తీసుకుపోతాడనే అనుకున్నాం. నాలుగో రోజు గొంగడి మడిచి, "దాసిపెట్టక చెప్పిన్రు. అందుకే ఇడ్సి పోతున్న" అని వెళ్ళిపోయాడు. నేను కట్టు గుడ్డలు తీసుకుని అవ్వ దగ్గరికి వెళ్ళాను.

తనిఖీకి వచ్చిన డాక్టరు ఆ పేజీ చదివాడు. ఆ వార్డుకు ఇంకో ఆయా ఉండాల్సిందేనని రాసిపోయాడు. ఆయా వచ్చింది. కానీ పెద్దసారుకు అది తలవంపులైంది. నెల తిరక్కముందే పైన ఒక కొత్త అధికారిని తెచ్చి కూర్చోబెట్టి, పెద్ద నర్సమ్మను మామూలు నర్సును చేశారు. ఆమె తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టి, మర్నాడు రోజూ వచ్చే వేళకే పనికి వచ్చింది.

"నా మూలంగనే గదమ్మా" అని నేను ఏడిస్తే, "కుర్చీ పోయింది బిడ్డా, చేతులు యాడికి పోలే. దా, అవ్వ కట్టు మార్చాలె" అన్నది. అవ్వ మడమ పూర్తిగా మానేసరికి ఎండలు వచ్చాయి. ఆ కుర్చీ మాత్రం ఆమెకు మళ్ళీ రాలేదు. అయినా మేము ఆమెను పెద్ద నర్సమ్మ అని పిలవడం మానలేదు. నన్ను నర్సు చదువుకు పంపాలని వాళ్ళనూ వీళ్ళనూ అడిగి పంపించింది ఆమే. తన మోకాళ్ళు మొరాయించాక తాండూరులో తమ్ముడింటికి వెళ్ళిపోయింది.

చనిపోయిన నెలకు చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టారు. తాండూరు వెళ్ళాను. ప్రార్థన అయ్యాక సమాధి మీద బండ పరచడానికి ఆమె తమ్ముడు కూర్చున్నాడు. గనుల్లో రాయి కొట్టే మనిషి, వేళ్ళు బండబారిపోయి ఉన్నాయి. బండను దించే ముందు దాని అంచు వెంబడి అరచెయ్యి మెల్లగా జరుపుతూ పోయాడు. ఒక మూల దగ్గర ఆగి, ఉలి తీసుకుని, ఆ మొనను కొద్దికొద్దిగా కొట్టి గుండ్రంగా చేశాడు. మళ్ళీ అరచేత్తో తడిమి చూశాడు.

"ఎవరన్న వచ్చి ఈడ కూసుంటరు గద అమ్మా, గీసుకపోతది" అన్నాడు తల ఎత్తకుండానే.

తెల్లటి రాతిపొడి ఆయన మోకాళ్ళ మీదా, కొత్త మట్టి మీదా మెల్లగా రాలుతూ ఉంది.