అతికించని వైరు

వీధిలో అందరూ ఆయన్ని జాగ్రత్త గారు అనేవాళ్ళు. పాపం, ఆయన తప్పేం లేదు. ఇరవై రెండేళ్ళుగా సినిమాలు తీస్తున్నాడు, నిజమే, కానీ ఎలాంటివనుకున్నారు? నిచ్చెన ఎలా ఎక్కాలి, మంటలొస్తే ఏ తలుపులోంచి పరిగెత్తాలి, మిషన్లో చెయ్యి పెట్టకుండా ఎలా బతకాలి. ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరినవాళ్ళని కూర్చోబెట్టి చూపిస్తారు, సగంమంది అక్కడే కునుకు తీస్తారు. ప్రతి సినిమా "జాగ్రత్త" అన్న మాటతోనే మొదలు.

అలాంటి మనిషికి యాభై రెండో ఏట కథ ఉన్న సినిమా దొరికింది. ఒకప్పుడు ఊళ్ళకి ఊళ్ళని ఊపేసిన రాక్ గాయకుడి జీవితం. ఇప్పుడు ముసలాయనైపోయిన ఆ గాయకుడి నోటికి జడిసి పెద్ద డైరెక్టర్లెవరూ ముందుకు రాలేదు, అదీ సంగతి. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. పూర్తయ్యాక ముందు తనకి చూపించాలి, తను తలూపితేనే సినిమా జనంలోకి వెళ్ళాలి. ఊపకపోతే బీరువాలోకే. ఇంకో అవకాశం రాదని జాగ్రత్త గారికీ తెలుసు, ఆయన భార్యకీ తెలుసు.

చిక్కంతా గిటారు దగ్గరొచ్చింది. మైదానం నిండా జనం, పాట మధ్యలో కోపం ఆపుకోలేక గాయకుడు గిటారుని నేలకేసి కొట్టాడు, ఆ దెబ్బతో ఆయన పేరు మోగిపోయింది. ఇది అందరికీ తెలిసిన కథే. తీయబోతే మాత్రం నటుడు నాలుగు గిటార్లు విరగ్గొట్టాడు, నాలుగుసార్లూ కట్టెలు కొట్టినట్టే ఉంది. ఉండదూ మరి? కళ్ళకి అద్దాలు పెట్టుకో నాయనా అని డైరెక్టరే వెంటపడుతుంటే కోపం ఎక్కణ్ణుంచొస్తుంది? పైగా సెట్టు మీద వైర్లన్నీ ఆయనే వంగి వంగి టేపుతో నేలకి అతికించాడు. పాత అలవాటు.

ఇక లాభం లేదని ముసలాయన ఇంటికే వెళ్ళి, ఆ రోజు చెయ్యి ఎలా ఎత్తారు, కాలు ఎక్కడ పెట్టారు అని అడిగాడు. ముసలాయన నీళ్ళు నమిలాడు. పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న ఆయన అక్క ఉండబట్టలేక బయటికొచ్చింది.

"కోపమూ లేదు పాడూ లేదు. వైరు తట్టుకుని బోర్లా పడ్డాడు, గిటారు రెండు ముక్కలైంది. జనం చప్పట్లు కొడుతుంటే లేచి మిగిలింది కూడా విరగ్గొట్టాడు."

ముసలాయన మొహం కందిపోయింది. అది గనక తీస్తే తలూపే ప్రసక్తే లేదని తెగేసి చెప్పాడు.

జాగ్రత్త గారు ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాడు. పరువు పోయిందనుకుని నేల మీద పడున్న కుర్రాడు, చప్పట్లు విని తలెత్తిన క్షణమే కళ్ళముందు ఆడుతోంది. ఆ కుర్రాడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఇన్నేళ్ళూ పడిపోయేవాళ్ళ కోసమేగా పనిచేశాడు. ఏం చేస్తారండీ అని భార్య అడిగితే, వాణ్ణి పడేస్తానే అన్నాడు.

మర్నాడు ఒక్క వైరుకి టేపు ఊడదీశాడు. నటుడు పడే చోట పరుపు వేయించి, దానిమీద నేలరంగు గుడ్డ కప్పించాడు. మోకాళ్ళకి తొడుగులు కూడా తొడిగించాడు. అంతకుమించి తెగించడం ఆయన వల్ల కాలేదు. నటుడు పడ్డాడు, తలెత్తాడు. ఒక్క టేకులో అయిపోయింది.

చూపించే రోజు ముసలాయన, అక్క ముందు వరసలో కూర్చున్నారు. జాగ్రత్త గారు వెనక గోడకి అతుక్కుని నిలబడ్డాడు. పడే సీను వచ్చినప్పుడు ముసలాయన కదల్లేదు. లైట్లు వెలిగాక వెనక్కి తిరిగాడు.

"ఆ వైరు అలా వదిలేసింది నువ్వేనా?"

అవునన్నాడు. మిగతా వైర్లన్నీ అతికించే ఉన్నాయనీ, కింద పరుపు ఉందనీ, నటుడికి గీత కూడా పడలేదనీ గడగడా అప్పజెప్పాడు.

"నలభై ఏళ్ళు దాచి చచ్చాను. తీరా చూస్తే ఏముంది, బాగానే పడ్డాను," అన్నాడు ముసలాయన. "ఆ రోజు నీలాంటివాడు ఒక్కడుంటే నేను పడేవాణ్ణే కాదు. నన్నెవడూ చూసేవాడూ కాదు."

అని తలూపాడు.

అది పొగడ్తో తిట్టో జాగ్రత్త గారికి అంతుపట్టలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు. ముసలాయన లేచి గుమ్మం వైపు నడుస్తుంటే, కళ్ళు తుడుచుకుంటూనే ముందుకు పరిగెత్తాడు.

"మెట్టుంది సార్, జాగ్రత్త."