బావకు నచ్చే ప్యాడ్ ఈ భూమ్మీద లేదు

మా సౌందరరాజ బావ జీవితంలో ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఓడిపోయింది ఎప్పుడూ ఆయన చేతిలో ఉన్న గేమ్‌ప్యాడే.

బావకు నలభై ఎనిమిదేళ్లు. కోయంబత్తూరు సింగానల్లూరులో నీళ్ల మోటార్లు బాగుచేసే వర్క్‌షాపు ఉంది. నేనూ అందులోనే పనిచేస్తాను. టీవీలో ఇద్దరు బొమ్మ మనుషులు ఎదురెదురుగా నిలబడి తన్నుకునే ఆట అంటే ఆయనకు ప్రాణం. తన బొమ్మ వెల్లకిలా పడగానే ఆయన టీవీ వంక చూడడు. ప్యాడ్‌ను తిప్పుతాడు, ఊపుతాడు, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. చివరికి డాక్టరు పెదవి విరిచినట్టు విరిచి, "తప్పు దీనిదే" అంటాడు. 'ఆడలేక మద్దెల ఓడు' అన్న సామెతను పెద్దలు మా బావ పుడతాడని ముందే తెలిసి తయారుచేసి పెట్టారని మా భువనేశ్వరి అక్క నమ్మకం.

పోయిన సంవత్సరం దాకా ఈ జబ్బు నోటితోనే ఆగింది. ఆ తర్వాతే చేతికి పాకింది. తనకు సరైన ప్యాడ్ ఒకటి ఎంచుకోవాలని బావ పట్టుబట్టాడు. వారానికి ఒకటి కొనడం, పరీక్షించడం, వంక పెట్టడం. మా వర్క్‌షాపులో పాడైన మోటారుకు రోగమేమిటో రాసి ఒక అట్టముక్క కడతాం. బావ ఆ అట్టముక్కలు ఇంటికి తెచ్చి ప్యాడ్లకు కట్టాడు. 'మూల మొద్దు.' 'నడుము లావు.' 'పైకి నవ్వు, లోపల విషం.' ఈ మూడోది ఏ రోగమో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

"నన్ను చూసేదానికి వచ్చినప్పుడు బజ్జీ తినేలోపల సరి అనేసినాడు. ఈ పాడు ప్లాస్టిక్కుకి మాత్రం ఇన్ని నెలలా?" అని అక్క నాతో మొరపెట్టుకుంది.

ఒకసారి ఆమెకు ఒళ్లు మండి, బావ చొక్కా వెనక ఒక అట్టముక్క కట్టింది. 'శబ్దం ఎక్కువ, పని తక్కువ.' ఆయన దాంతోనే టౌన్ బస్సెక్కి గాంధీపురం దాకా వెళ్లి వచ్చాడు. బస్సులో అందరూ తనను చూసి చిరునవ్వు నవ్వారనీ, కోయంబత్తూరు మనుషుల మర్యాదే వేరనీ ఆ సాయంత్రం మాకు చెప్పాడు.

కొనేటప్పుడు తోడు వెళ్లే శిక్ష నాది. షాపులోకి అడుగుపెట్టగానే బావ సంచీలోంచి వంటింటి ఎలక్ట్రానిక్ తక్కెడ తీసి కౌంటరు మీద పెట్టేవాడు. దాని మీద ప్యాడ్ ఉంచి, ఎడమ పక్కనుండే కూడిక గుర్తు బటన్‌ను బొటనవేలితో మెల్లగా నొక్కి, అంకె చదివేవాడు.

"నూట అరవై గ్రాములు. కుదరదు. బటను నూరు గ్రాములకే మునగాల."

"సార్, ఇది ఆడుకునేది. తూకం వేసి అమ్మేది కాదు" అన్నాడు షాపతను అరవంలో, ఏడుపొక్కటే తక్కువగా.

"దాన్నే నేనూ చెప్తా ఉండా. దీన్ని ఎవడన్నా తూకం వేసి చేసుంటే ఇట్ల ఉండదు గదా!"

మూడోసారి మమ్మల్ని చూడగానే ఆ షాపతను 'భోజన విరామం' బోర్డు తగిలించాడు. అప్పుడు పొద్దున పదిన్నర.

ఇక జెబరాజ్ సంగతి చెప్పాలి. ఆయన మా వర్క్‌షాపులో వైండింగు చేస్తాడు. అంటే మోటారు పొట్టలో రాగి తీగ చుట్టలు దూర్చి, వేలితో లోపలికి తోసి కూర్చోబెట్టే పని. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పని. వారమంతా బావను "మొదలాళీ" అంటాడు, అంటే యజమానీ అని. ఆదివారం చర్చి ముగించుకుని, అదే తెల్ల చొక్కాతో మా ఇంటికి వచ్చి, "ఏరా సౌందరం" అంటాడు. పదహారేళ్ల వయసులో ఇద్దరూ ఐటీఐ ఎగ్గొట్టి వీడియోగేమ్ కొట్లో కలిసి చెడిపోయారట. ఆ కాలం నుంచీ జెబరాజ్ విసిరే నిప్పుబంతికి పేరుంది. ఎడమ బొటనవేలిని కిందినుంచి పక్కకు సర్రున దొర్లించి కుడిచేత్తో గుద్దు బటన్ నొక్కితే, బొమ్మ చేతుల్లోంచి మంట ఎగిరి వెళ్తుంది. దాన్ని వాళ్లు 'ఫైరు' అంటారు.

పోయిన సంవత్సరం ఆ బొటనవేలు పట్టేయడం మొదలైంది. వంచితే వంగదు, వంగితే లేవదు. తీగ తోసి తోసి అరిగిందన్నాడు డాక్టరు. ఆటలో ఫైరు బదులు జెబరాజ్ బొమ్మ ఊరికే గొంతుక్కూర్చుని, లేచి, గాలిని గుద్దేది. ఒక ఆదివారం ఆయన ప్యాడ్ కింద పెట్టేశాడు.

"సౌందరం, వేలు పోయిందిరా. ఫైరు రాని వేలు వైండింగు మాత్రం ఎన్నాళ్లు చేస్తాది? క్రిస్మస్ అయినాక బోడినాయకనూరు పోతా. అల్లుడు ఏలక్కాయ గోడౌన్లో సుమ్మా ఊరికే కూర్చో చాలు అంటా ఉండాడు."

ముప్పై ఏళ్ల స్నేహితుడు ఊరొదిలిపోతానంటున్నాడు. బావ ఆ ప్యాడ్ తీసుకుని, తిప్పి, ఊపి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"వేలు కాదురా. తప్పు దీనిదే."

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషన్నవాడికి కాస్త సమయం సందర్భం ఉండొద్దా! ఆయన మరుసటి రోజే తక్కెడ పట్టుకుని షాపుకు బయలుదేరాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్యాడ్‌నూ ముందు జెబరాజ్ చేతిలోనే పెట్టేవాడు. "నాకు కావాల్సిన ప్యాడ్‌ని నేనే చూసుకుంటే పక్షపాతం వస్తాది. నువ్వు పది ఫైర్లు కొట్టి చూపించు" అనేవాడు. జెబరాజ్ కొట్టేవాడు. రెండు వచ్చేవి, ఒక్కోసారి మూడు. బావ వెంటనే అట్టముక్క కట్టేవాడు.

"పాపం తంబీ, వీనికి ఒగటీ నచ్చదు. ఒగటి కుదిరేదాకా నేనెట్ల వీన్ని విడిచి పోయేది?" అని జెబరాజ్ నా దగ్గర జాలిపడేవాడు. ఇంత మంచివాణ్ణి ఇన్ని ఆదివారాలు తన పిచ్చికి వాడుకుంటున్నాడే అని బావ మీద నాకు ఇంకా కోపం వచ్చేది.

డిసెంబరు మొదటి వారంలో, ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, తొమ్మిదో నంబరు ప్యాడ్‌ను బావకు ఇచ్చి ఆటకు పిలిచాను. దాని అట్టముక్క మీద 'బొత్తిగా పనికిరాదు' అని ఉంది. బావ దాంతో వరసగా పది ఫైర్లు కొట్టాడు. పదీ తగిలాయి. నా బొమ్మ లేవడానికి కూడా సందు దొరకలేదు.

"బావా, ఇది పనికిరాదు అన్నారే?"

"రాదు."

"మీకు పదికి పది వచ్చినాయి గదా!"

"నాకు వస్తే చాలునా? వానికి రెండే గదా వచ్చినాయి!"

అనేశాక నాలిక కరుచుకున్నాడు. నేను నోరు తెరిచాను. ఆయన వేలు చూపించి, "మూసుకో. నీ అక్కకు చెప్పినావో, నీ మెడకు అట్ట కడతా" అన్నాడు.

సిగ్గుతో తల వంచుకున్నాను. అప్పటిదాకా కొన్న పదమూడు ప్యాడ్లలో ఒక్కటి కూడా బావ తన కోసం కొనలేదు. ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చి, ఆ మధ్యాహ్నమంతా నాకు పని సాగలేదు.

అప్పటికి కోయంబత్తూరులో దొరికే ప్యాడ్లు అయిపోయాయి. క్రిస్మస్ దగ్గర పడింది. బోడినాయకనూరుకు బస్సు టికెట్టు కూడా తీశానని జెబరాజ్ చెప్పాడు. బావ నాలుగు రోజులు లేత్ మిషను దగ్గర నిలబడి, ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా ఏదో చేశాడు.

క్రిస్మస్‌కు ముందటి ఆదివారం పద్నాలుగో ప్యాడ్ బయటికి వచ్చింది. అంత వికారమైన వస్తువును నేను చూడలేదు. కూడిక గుర్తు బటన్ మీద గిన్నెలా గుంట తీసిన నైలాన్ పిడి. వేలు వంచే పని లేదు. బొటనవేలి మొదట్లో ఉండే మెత్తటి కండ ఆనించి తోస్తే చాలు.

"ఇదేందిరా, పుట్టగొడుగు మొలిచినట్ల!" అన్నాడు జెబరాజ్.

"కొత్త మాడలు. చైనాది. కొట్టి చూడు."

మొదటిసారి బొమ్మ గొంతుక్కూర్చుంది. రెండోసారీ అంతే. జెబరాజ్ చెయ్యి కొంచెం జరిపి పట్టుకున్నాడు. మూడోసారి మంట ఎగిరింది. ఆ వెనకే ఇంకోటి, ఇంకోటి. పదికి ఎనిమిది. అక్క గరిటెతో వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తర్వాత ఇద్దరూ నిజం ఆట మొదలుపెట్టారు. జెబరాజ్ వరసగా మూడు ఆటలు గెలిచాడు. బావ తెలిసి ఓడలేదని నేను ప్రమాణం చేయగలను. అంత చెమట నటనలో పట్టదు.

ఓడిన బావ ఆ పుట్టగొడుగు ప్యాడ్‌ను చేతిలోకి తీసుకుని, పెదవి విరిచాడు.

"నాకు నచ్చలే. రిజెక్టు. ఇంట్లో అడ్డం. నువ్వే తీసుకొని పో."

"ఇంత మంచి ప్యాడ్‌ని రిజెక్టు అంటావేరా, పైత్యకారా!"

జెబరాజ్ ప్యాడ్‌ను లాక్కున్నాడు. పిడిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మళ్లీ చూశాడు. రోజూ మోటార్లకు వార్నిష్ పూసే మనిషి ఆయన.

"మన వర్క్‌షాపు వార్నిష్ వాసన కొడతా ఉండాది గదరా?"

"చైనాలో వార్నిష్ ఉండదా?" అన్నాడు బావ, ఫ్యాను వైపు చూస్తూ.

జెబరాజ్ తెల్ల చొక్కా జేబులోంచి బోడినాయకనూరు బస్సు టికెట్టు తీసి, ఒకసారి చూసి, రెండుగా మడిచి ముందున్న బల్ల కాలి కింద దూర్చాడు. ఆ బల్ల ఎప్పుడూ ఒక పక్కకు ఊగేది.

"మొదలాళీ" అన్నాడు, ఆదివారమైనా సరే. "మోటారులోకి తీగ తోసేదానికి గూడా చైనాలో ఇట్లాంటి పిడి ఒగటి దొరుకునా?"

"దొరుకుతాది" అన్నాడు బావ. "కొలత ఇచ్చిపో."