కడ్డీ మీద ఒక్క దెబ్బ

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. శ్మశానం పక్క చేను కౌలుకు చేసినవాణ్ణి. అక్కడ నన్ను పీడించినవి అడవి పందులే. అయినా ఈ సంగతి చెప్పక తప్పదు.

2000 ప్రాంతంలో గుంతకల్లులో విత్తనపు వేరుశనగ మూటతో బస్సు దిగబోయి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాను. ఆసుపత్రిలో కాలికి తాడు కట్టి, మంచం కడ్డీ మీదుగా బరువు వేలాడదీశారు. పక్కకు తిరిగే వీలు కూడా లేదు. నర్సింగు పిల్లలు పని నేర్చుకునేది నాలాంటి పారిపోలేని వాళ్ల మీదే.

వాళ్ల ట్యూటర్ మేడమ్ ఎవరినీ మెచ్చుకోగా నేను వినలేదు. తప్పు కనిపిస్తే మంచం కడ్డీ మీద పెన్నుతో ఠంగుమని ఒక్క దెబ్బ వేసేది. పిల్ల అక్కడే పని ఆపి, తన తప్పేమిటో రోగుల ముందే చెప్పాలి. దెబ్బ పడకపోతే అదే మెప్పు.

గుమ్మఘట్ట నుంచి వచ్చిన నాగవేణికి ఆ దెబ్బలు ఎక్కువ. ఆ మధ్యాహ్నం మేడమ్ నాకు వేసే సూదికి తానే మందు సీసా తీసిచ్చి, "ఇంగొక తప్పు చేస్తే మీ నాయనను పిలిపిస్తా. పెట్టె సర్దుకోని పోదువుగానీ" అంది.

సూది నా చేతికి ఆనింది. ఠంగ్!

నాగవేణి ఆగిపోయింది.

"ఏమే, యాల ఆపినావు?" అంది మేడమ్.

"మీరు కొట్టినారు కదా మేడమ్."

"నేనా?" మేడమ్ రెండు చేతులతో ట్రే పట్టుకుని ఉంది. పెన్ను జేబులోనే ఉంది.

పిల్ల అలవాటుకొద్దీ తప్పు చెప్పేసింది. "సీసా మీద పేరు వేరే ఉండాది మేడమ్. మొదలే చూసినా. మీరిచ్చినారని నోరు రాలేదు."

మేడమ్ సీసా చూసింది. పక్క మంచం ఆయన మందు అది. ట్రే కింద పెట్టి, "ఆపి మంచి పని చేసినావు" అంది. ఎన్ని దెబ్బలు పడ్డా ఏడవని పిల్ల, ఆ మాటకు ఏడ్చింది.

తెల్లచీర కట్టిన ముసలి నర్సు కడ్డీ కొట్టి గోడలో కలిసిపోయిందని తర్వాత ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను. ఆ నర్సూ, ఆ చీరా నేను కల్పించినవే. సూదంటే భయంతో, దెబ్బ వినబడేదాకా నేను కళ్లు మూసుకునే ఉన్నాను.

ఆ రోజు సాయంత్రమే నాగవేణి వచ్చి, "తాతా, కొట్టింది నువ్వే కదా?" అని మెల్లగా అడిగింది.

"ఇంగెవరు పాపా!" అని మీసం దువ్వాను. అదీ అబద్ధమే. దెబ్బ పడినప్పుడు నా చెయ్యి ఒకటి ఆ పిల్ల పట్టులో ఉంది, రెండోది దిండును పిసుకుతోంది.

కానీ ఆ దెబ్బ కడ్డీలోంచి తాడు వెంట వచ్చి నా విరిగిన ఎముకలో జివ్వుమంది. అది మాత్రం కల్పించలేదు. కొట్టిందెవరో ఈనాటికీ నాకు తెలియదు.