తాత వంకర తిప్పిన ఫైర్‌లైన్

మొన్న సోమవారం పొద్దున మా ఫారెస్ట్ వాచర్ తాత పోయాడు. చలికాలం కదా, వాకిట్లో ఎండ పడేచోట మంచం వేయించుకున్నాడట. టీ తాగి, గ్లాసు కోడలి చేతికిచ్చి, అటు తిరిగి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. ఫోన్ చేసిన కొడుకు గొంతులో ఏడుపుకన్నా నెమ్మదే ఎక్కువుంది. నిండుగా బతికిన మనిషి. అయినా నాకు దుఃఖం ఆగలేదు.

పర్ణశాల దాటాక వచ్చే అడవిలో నేను బీట్ ఆఫీసర్‌గా చేరినప్పుడు ఆయనే నాకు తోడు. అడవి గురించి నాకు తెలిసిందంతా పరీక్ష కోసం చదివిందే. స్వెట్టర్ మీద జాకెట్ తొడుక్కుని వణుకుతూ వస్తే, నాకన్నా కొండముచ్చులు నయమని నవ్వేవాడు. అవి పైకొమ్మల మీద తూర్పుకు తిరిగి కూర్చుని పొట్టకు ఎండ పట్టించుకోవడం చూపించేవాడు. పిట్ట ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటే, అది లావెక్కలేదనీ, వెచ్చటి గాలి లోపల దాచుకుందనీ చెప్పేవాడు. ఎండెక్కే వేళ పుట్టల దగ్గర పాము చలి కాచుకుంటుందని దూరంగా నడిపించేవాడు. చుట్ట అంటే ప్రాణం. కానీ క్యాంపుకు తిరిగొచ్చేదాకా జేబులోంచి తీసేవాడు కాదు.

ఆ మొదటి చలికాలమే ఫైర్‌లైన్ పని పడింది. ఎండాకాలం మంటలు అడవిలోకి పాకకుండా, ముందే ఒక బాట మేర ఎండుటాకులు ఊడ్చి కాల్చేస్తాం. కూలీలు ముందురోజే ఊడ్చి కుప్పలు పెట్టారు. మధ్యాహ్నం రేంజర్ సార్ వస్తానన్నారు. అది నా మొదటి తనిఖీ. హడావుడిగా కుప్పలు అంటించుకుంటూ పోతున్నాను. చివరనున్న పెద్ద కుప్ప ఇంకాస్త దూరముందనగా తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు బిడ్డా. మనం ఊడ్చిన కుప్పల్ల ఆకే ఉంటది. దీంట్ల కొరికిన గడ్డి ఉన్నది. గిది మనది కాదు."

నాకు కోపమొచ్చింది. టైం లేదన్నాను. ఆయన వాదించలేదు, కదలకుండా చూడమన్నాడంతే. ఆ చలిగాలిలో కుప్ప మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది. కాసేపటికి గడ్డిలోంచి చారల చారల పంది పిల్ల ఒకటి ముట్టె బయటపెట్టి, చలి తగిలిందేమో, వెంటనే లోపలికి దూరింది. తల్లి అడవిపంది గడ్డి కొరికి తెచ్చి పిల్లలకు పరిచిన పక్క అది. అగ్గిపెట్టె నా చేతిలోనే ఉంది. దాన్ని జేబులో వేసుకున్నాను. చప్పుడు చేయకుండా వెనక్కి జరిగి, లైనును చుట్టూ తిప్పాం.

లైను వంకరగా ఎందుకుందని రేంజర్ సార్ అడిగారు.

"నేనే తప్పు చూపిన సార్. కండ్లు సరిగ కానొస్తలేవ్" అన్నాడు తాత.

సార్ ఆయన్ని కూలీలందరి ముందూ తిట్టారు. నేను ఊరుకున్నాను. తిరిగొస్తుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"నాకు తిట్లు కొత్తనా? నీది కొత్త నౌకరి. అందరి ముంగట పంది జాడ చెప్తే వేటగాళ్లకు తెలుస్తది. పిల్లలు బతికినయ్, చాలు" అన్నాడు.

ఆయన కళ్లు భేషుగ్గా ఉండేవి. ఆ మాట ఆరోజే నేను చెప్పాల్సింది. ఇప్పుడిలా చెబుతున్నాను.

నిన్న పొద్దున్నే అడవికి వెళ్లాను. గడ్డంతా మంచుకు తడిసి ఉంది. ఒక్కచోట మాత్రం దుప్పి పడుకున్నంత మేర గడ్డి అణిగి, పొడిగా ఉంది. వంగి చెయ్యి ఆనించాను. ఇంకా వెచ్చగానే ఉంది. తాత చూపించకుండా, నా అంతట నేను కనుక్కున్నానని సంబరపడి, చెబుదామని వెనక్కి తిరిగాను. ఆ చోటు చల్లబడేదాకా చెయ్యి తీయలేదు.