సగం పిన్ని చెప్పని రేటు

“షాపు గడప దాటిందా, సగం. అంతే. కొన్నవాడు ఇంటికెళ్ళి దానితో ఫొటో దిగాడా, ఇంకో పావు. ఆ ఫొటో చూసి ఎవరైనా ‘ఏదీ, ఒక పాట వాయించు’ అన్నారా, ఇక తిన్నగా నా దగ్గరికే తెస్తాడు. చెక్క ఏం పాడవలేదు అబ్బాయ్. తీగలూ అవే. రేటు పడేది గిటారుకి కాదు, వాడి మోజుకి.”

ఈ మాటలంటూ పిన్ని ఒక గిటారును ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని, దాని వీపు మీది స్టిక్కరును గోరుతో గీకుతోంది. పుర్రె బొమ్మ స్టిక్కరు. అమ్మినవాడు బ్యాంకులో చేరాడట. పుర్రె సగం పోయి పళ్ళు మాత్రం మిగిలాయి.

వీధిలో అందరూ ఆవిడను సగం పిన్ని అంటారు. పాత గిటార్లు కొని అమ్ముతుంది. ఎవరు ఏది తెచ్చినా ముందు “సగం” అని, ఆ తర్వాతే దాన్ని చూడడం మొదలుపెడుతుంది. చూశాక ఆ సగం ఇంకా తగ్గవచ్చు. పెరగడం నేనెన్నడూ చూడలేదు. ఎదురుగా మాత్రం వట్టి పిన్ని అంటాం. సెలవు మధ్యాహ్నాలు ఆ కొట్టులో ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద కూర్చుని ఆవిడ చెప్పేది వినడం నాకు అలవాటు. బేరం వస్తే స్టూలు ఖాళీ చేయాలి. అదొక్కటే షరతు.

కొట్టు ఎంత ఇరుకంటే, చేతులు బార్లా చాపితే రెండు గోడలూ తగులుతాయి. గోడల నిండా కొక్కేలకు మెడలతో వేలాడే గిటార్లు. బయట లారీ హారను కొడితే అన్నీ కలిసి సన్నగా మూలుగుతాయి. “లారీవాళ్ళకున్న శ్రుతి వీటిని కొన్నవాళ్ళకుంటే నాకు వ్యాపారమే లేదు,” అంటుంది పిన్ని.

ఈ వ్యాపారంలోకి ఆవిడ కావాలని దిగలేదు. ఒకప్పుడు ఇంటి పైభాగంలో చదువుకునే పిల్లలకు గదులు అద్దెకిచ్చేది.

“గది ఖాళీ చేసేవాళ్ళు మూడు వదిలేసి పోతారు. బకెట్టు, పరుపు, గిటారు. బకెట్టు నేను వాడుకున్నా. పరుపు పగవాడికి కూడా ఇవ్వలేం. గిటారు మాత్రం, తర్వాత దిగినవాడు చూసి ‘ఆంటీ, ఇదెవరిది?’ అన్నాడు. ‘నీదే, సగం ఇచ్చెయ్’ అన్నా. వాడూ చదువు అవగానే వదిలేసి పోయాడు. ఒకే గిటారుని అలా నలుగురికి అమ్మాక అనిపించింది, గదులకన్నా ఇదే నయం, కరెంటు బిల్లు దగ్గర పేచీ లేదని.”

ఆవిడకు వాయించడం రాదు. నేర్చుకోవాలనిపించలేదా అని ఒకసారి అడిగితే, “నేర్చుకుంటే అమ్మబుద్ధి కాదు,” అంది. చూపు మాత్రం గట్టిది. మెడ మీద ఉండే ఇత్తడి మెట్లు చూసి ఎవరు ఎంతదాకా నేర్చుకున్నారో చెబుతుంది. మొదటి మెట్లే అరిగి తక్కినవి మెరుస్తుంటే వేళ్ళు నొప్పి పుట్టి మానేసినట్టు. “నొప్పి అని ఒక్కడూ ఒప్పుకోడు. టైం లేదంటారు.”

కొనడంలో ఆవిడకు రెండు పట్టింపులున్నాయి. ఒకటి, అమ్మేవాళ్ళు రేటు అడిగే ముందు ఒకసారి వాయించి వినిపించాలి. దీనివల్ల కొందరు వాయించి వాయించి, కళ్ళు తుడుచుకుని గిటారు తీసుకుని వెనక్కి వెళ్ళిపోతారు. వెళ్ళనిస్తుంది. రెండోది, చుట్టాల గిటార్లు కొనదు. రేటు చెప్పిన రోజునుంచి చుట్టరికం కూడా సగమే అవుతుందట.

ఆవిడ భర్త నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. నేను బాబాయ్ అంటాను. ఆయనకూ ఒక గిటారుంది, పెళ్ళికి ముందు కొన్నది. రోజూ పొద్దున్నే దాన్ని బయటికి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, తనకొచ్చిన ఒక్క పాటా వాయించి, తీగలు వదులు చేసి మళ్ళీ పడుకోబెడతాడు. ఎండ తగలనివ్వడు. వానలు మొదలైతే లోపల తేమ పీల్చే చిన్న చిన్న పొట్లాలు వేస్తాడు. పిన్ని బీపీ మాత్రల డబ్బాల్లో వచ్చేవి. ఈ జాగ్రత్తలన్నీ భోజనాల దగ్గర పిన్ని చెప్పే కొట్టు కబుర్లలోంచి ఏరుకున్నవే. పాతబడేకొద్దీ ధర పలుకుతుందన్న మాట కూడా అక్కడ విన్నదే. కాకపోతే పిన్ని అవన్నీ చెప్పింది అసలు చెక్కతో చేసిన గిటార్ల గురించి. బాబాయ్‌ది ప్లైవుడ్. దానికి ఎండా లేదు, వానా లేదు. పాతబడితే పాతబడుతుంది.

ఆ సంగతి ఆయనకు చెప్పలేదా అని అడిగాను.

“చెబుదామనే చూశా, మంచి టైం చూసుకుని. కొత్తలో కొత్త కదా అని ఊరుకున్నా. తర్వాత పిల్ల పుట్టింది. తర్వాత ఆయనకి గ్యాస్ ట్రబులు పట్టుకుంది. చెప్పుకుంటూ పోతే ఏదో ఒకటి.”

ఆ మధ్యాహ్నం పుర్రె పళ్ళు కూడా ఊడివచ్చే వేళకు పక్క కొట్టు టైలరు వచ్చాడు. మెడలో టేపు, చేతుల్లో నీలం పూల గుడ్డ కవరులో ఒక గిటారు. నేను స్టూలు ఖాళీ చేశాను.

“అక్కా, ఇది అమ్మేద్దామని,” అన్నాడు.

పిన్ని “సగం” అనలేదు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

“ఎవరిది తమ్ముడూ?”

“నాదే. అంటే, మా తాతగారిది.”

“వాయించేవారా?”

“బ్రహ్మాండంగా! పాడుతూ వాయించేవారు.”

“ఆయనకి మాట పడిపోయిందని, ఇల్లు గడవక నువ్వు కుట్టుపనిలోకి వచ్చావని చెప్పావుగా?”

టైలరు ఒక్క క్షణం ఆలోచించాడు. “పడిపోక ముందు,” అన్నాడు.

“సరే. ఒకసారి వాయించు.”

టైలరు స్టూలు మీద కూర్చుని గిటారును నిలబెట్టాడు. అలవాటుకొద్దీ ఒక చెయ్యి దాని భుజం మీదికీ, ఇంకోటి నడుం దగ్గరికీ వెళ్ళాయి.

“వాయించమన్నా. కొలతలు తీసుకోమనలేదు.”

అతను లావు తీగను వేలితో ఒక్క లాగు లాగాడు. అది చాలాసేపు మోగింది. ముగ్గురం అది ఆగేదాకా చూశాం.

“తాతగారి పాట ఇదేనా?”

“మొదలు ఇదే అక్కా. తర్వాత ఇంకా ఉంటుంది.”

పిన్ని గిటారు అందుకుంది. మెడను కంటికానించి తుపాకీలా గురి చూసింది. మధ్యలో ఉన్న కన్నంలోకి రెండు వేళ్ళు పెట్టి ఒక తెల్లటి పొట్లం బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ లోపల వేసింది. ఆ పొట్లం నేనూ చూశాను. తర్వాత పక్కనున్న నీలం పూల కవరును మడత పెట్టింది. అలవాటైన గుడ్డను మడిచినట్టు, చూడకుండానే మడిచింది.

“ఇంత ముద్దుగా చూసుకున్న గిటారు ఈ కొట్టులోకి ఇంతవరకూ రాలేదు,” అంది. ఆ మాటలో అబద్ధం లేదు.

టైలరు మొహం వెలిగింది. “కదక్కా! అందుకే షట్టరుకి మోటారు బిగించేంత వస్తే తప్ప ఇవ్వద్దన్నాడు.” ఆగాడు. “అంటే, ఇవ్వకూడదనుకున్నా.”

“ఏ షట్టరుకి?”

“మా కొట్టుదే.”

“మీ కొట్టుకి అద్దాల తలుపు తమ్ముడూ.”

టైలరు తలుపులోంచి తొంగి తన కొట్టు వైపు చూశాడు. అద్దాల తలుపే. “పెట్టిద్దామనుకుంటున్నా,” అన్నాడు.

షట్టరు ఉన్నది పిన్ని కొట్టుకి. అది బరువు, పైగా సగంలో పట్టేస్తుంది. కొంతకాలంగా పిన్ని కుడి భుజం లేవడం లేదు. పొద్దున్నే వీధిలో ఎవరు దొరికితే వాళ్ళచేత ఎత్తించుకుంటుంది. ఆ నొప్పి గురించి ఇంట్లో చెప్పలేదని నాతో అంది. చెప్పకపోయినా చూసినవాడొకడు ఉన్నాడన్నమాట.

“రేటు సాయంత్రం చెప్తా. ఇక్కడే ఉంచి వెళ్ళు.”

“ఇవాళే కావాలక్కా.”

“సాయంత్రం కూడా ఇవాళే తమ్ముడూ.”

అతను వెళ్ళాక పిన్ని గిటారును కొక్కేనికి తగిలించలేదు. ఒళ్ళోనే పెట్టుకుంది.

“ఆ కవరు మా పడగ్గది కర్టెను,” అంది. “కుట్టింది కూడా ఈ టైలరే. అది మర్చిపోయి తాతగారిని తెచ్చాడు పాపం.”

“అసలు దీని రేటెంత పిన్నీ?”

“కొత్త తీగలు రెండు సెట్లొస్తాయి. మూడోదానికి బేరం ఆడాలి.”

“మోటారు?”

“మోటారు చుట్టూ వచ్చే అట్టపెట్టె రావచ్చు.”

“పోనీ, ఈ ఒక్కదానికి ఎక్కువ ఇచ్చేస్తే?”

పిన్ని గోడ మీదున్న ఒక గిటారును గడ్డంతో చూపించింది. “నిన్న ఒక నర్సమ్మాయి దాన్ని అమ్మి వెళ్ళింది. అసలు చెక్క. వాయిస్తుంటే నాకే ఒళ్ళు జలదరించింది. దానికీ సగమే ఇచ్చా. నా మాట మీద నమ్మకంతో నోరెత్తకుండా తీసుకుంది. ఇప్పుడు ప్లైవుడ్‌కి మోటారు ఖరీదు ఇస్తే ఆ పిల్ల మొహం ఎలా చూస్తా? రేటు మొగుడికొకటీ ఊరికొకటీ అయితే ఇంక కొట్టెందుకు?”

“ఉన్న రేటే చెప్తే?”

పిన్ని తీగల మీద అరచెయ్యి ఆనించి ఉంచింది.

“చెప్తే రేపటినుంచి పొద్దున్నే దీన్ని బయటికి తియ్యడు,” అంది. “ఆ పాట బాగుంటుందని కాదు. మధ్యలో ఒకచోట ఎప్పుడూ తప్పుతాడు. అక్కడికి రాగానే నేను స్టవ్వు వెలిగిస్తా. అలవాటు.”

“చుట్టాలవి కొనవుగా. వెనక్కి పంపించెయ్.”

“పంపితే ఆయనదని నాకు తెలిసిపోయిందని చెప్పినట్టే. కష్టపడి నా దగ్గర దాచాడు. ఆ మోటారు సంగతి కూడా బయటపడుతుంది. ఈ వయసులో మొగుణ్ణి దొంగలా పట్టుకుంటే ఏం బాగుంటుంది?”

ఆవిడ ఎవరికీ జంకకుండా మొహం మీదే రేటు చెప్పడం ఇన్నాళ్ళూ చూశాను. గిటారు అమ్మడానికొచ్చిన పోలీసాయనకు కూడా “సగం” అంది. ఇప్పుడు ఆ గిటారును ఒకసారి కవరులో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. బయట వెలుగు తగ్గుతోంది. పక్క కొట్టులో మిషను చప్పుడు ఆగి ఆగి వస్తోంది. టైలరు చెవులు ఇటే ఉన్నాయి.

చివరికి గిటారును స్టూలు మీద పెట్టింది.

“ఒక పని చెయ్ అబ్బాయ్. మా ఇంటికెళ్ళి మీ బాబాయ్‌ని కలువు. పక్క కొట్టు టైలరు వాళ్ళ తాతగారి గిటారట, పిన్నికి రేటు తేలడం లేదు, మిమ్మల్ని అడిగి రమ్మంది అని చెప్పు. ఇన్నేళ్ళు నా రేట్లు వింటూ భోంచేశాడు, ఆ మాత్రం ధర కట్టగలడు.”

“ఏ చెక్క అని అడిగితే?”

“అడుగుతాడు. ముందు అడగాల్సింది అదేనని ఆయనకి తెలుసు. అడిగితే నిజం చెప్పు. ఆయన ఎంతంటే అంతకే కొంటా. అంతకి ఇవ్వబుద్ధి కాకపోతే టైలరే వచ్చి వెనక్కి పట్టుకెళ్తాడు.”

“మోటారు ఖరీదు చెప్తే?”

“చెప్పడు. ఆ పని నేనూ చేయించలేను, ప్రేమా చేయించలేదు. ఆయన మీటర్లు చూసిన మనిషి.” చెప్పుల కోసం వెతుకుతున్న నన్ను ఆపి, గొంతు తగ్గించింది. “వెళ్ళగానే టీ పెడతానంటాడు. వద్దనకు. ముందు, మెడ ఇసుమంత కూడా వంగలేదని చెప్పు. అంత తిన్నటి మెడ పిన్ని చూడలేదందని చెప్పు. అది ఆయన రెండోసారి చెప్పించుకుంటాడు, చెప్పు. టీ తాగడం అయ్యేదాకా ప్లైవుడ్ మాట నువ్వు ఎత్తకు. చక్కెర ఎక్కువేస్తాడు. ఏమీ అనకుండా మొత్తం తాగెయ్.”