కాశీలో వదిలేసిన టీ

మా మామయ్య కాశీలో కాకరకాయ వదిలేశారు. బుద్ధెరిగాక ఆయన కాకరకాయ ముట్టిందే లేదు, అది వేరే సంగతి. కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైనదేదో ఒకటి గంగలో వదిలి రావాలి కదా, చాలామంది ఇలాగే తెలివిగా వదులుతారు. అత్తమ్మ మాత్రం నిజంగానే ఇష్టమైన టీ వదిలేసి వచ్చారు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకు మండదు? సాయంత్రం నాలుగింటి టీ మా అత్తాకోడళ్లిద్దరిదీ. నేను లింగంపల్లిలో పుట్టి పెరిగినదాన్ని, ఆమెది గోదావరి పక్క ఊరు. నేను చాయ్ అంటే ఆమె టీ అంటారు, నేను పులుసు పెడితే ఆమె అందులో బెల్లం వేస్తారు. ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునే రోజుల్లో, తెల్లాపూర్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో, ల్యాప్‌టాప్ మూసేసి ఆమెకు ఎదురుగా కూర్చున్న ఆ ఇరవై నిమిషాల్లోనే మేం ఒకరికొకరం అలవాటయ్యాం. వాళ్లు కాశీలో ఉన్న వారంలోనే నాకు డెంగీ వచ్చి దవాఖానలో పడ్డాను. ప్లేట్‌లెట్లు పడిపోయి, ఎలాగో గట్టెక్కి ఇంటికొస్తే, టీకి తోడు లేకుండా పోయింది. ఆమె మామయ్యకూ నాకూ కాచి, కప్పులు చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయేవారు. ఒక్కదాన్నే కూర్చుని తాగితే అదీ ఒక చాయేనా?

రెండేళ్లు కావస్తుండగా మా టీమ్‌లో ఒకామె తైవాన్ వెళ్లొచ్చి ఊలాంగ్ టీ ప్యాకెట్ ఇచ్చింది. మిరియాల్లా ఉండచుట్టిన ఆకు. పాలు, చక్కెర వేయొద్దని, మొదట పోసిన నీళ్లు వెంటనే పారబోయాలని, తర్వాత అదే ఆకుతో నాలుగైదుసార్లు పెట్టుకోవచ్చని చెప్పింది. చిన్న పింగాణీ గిన్నెలో చెంచాడు వేసి, వేడినీళ్లు పోసి మూతపెట్టి, నిమిషం లోపే వడగట్టాను. లేత పసుపు రంగు. వంటిల్లంతా పూల వాసన, దాని వెనకే కొంచెం వెన్న కాచిన వాసన. ఆ వాసన పట్టుకుని అత్తమ్మ వచ్చారు. ఏమిటమ్మా అది అని అడిగారు. నా నోటికి అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో!

“చాయ్ కాదత్తమ్మా. ఎక్కడ్నో కొండల్ల పెరిగే ఆకు, కషాయం అనుకోన్రి. మీరు గూడ జర తాగి చూడున్రి.”

ఆమె గిన్నె వైపు చూశారు, నా వైపు చూశారు, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. నాకు పండగే.

ఆ తర్వాత ఆ ఆకు మీద నాకంటే ఆమె పెత్తనమే ఎక్కువైంది. వేడి చూడ్డానికి నేను థర్మామీటర్ తెప్పిస్తే దాన్ని సొరుగులో పడేసి, నీళ్లు మరిగాక తాళింపు వేగేంతసేపు ఆగి పొయ్యమన్నారు. నిజంగానే చేదు తగ్గింది. ఒకరోజు నేను మీటింగ్‌లో ఉండగా, మొదటి నీళ్లు పారబోయాలన్నది గుర్తుపెట్టుకుని, బియ్యం కడిగినట్టు నీళ్లు తేటబడేదాకా ఆకు కడిగేశారు. సారమంతా సింకు పాలు! నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె ఆ మిగిలిన ఆకులోనే వేడినీళ్లు పోసి, కాస్త ఎక్కువసేపు మూతపెట్టి ఇచ్చారు. గుటక దిగాక నాలుక మీద సన్నటి తీపి చాలాసేపు నిలిచింది. బుద్ధిగా రెండో కప్పు అడిగాను.

అలా నాలుగు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున కింది అంతస్తు ఆవిడ కాశీకి వెళ్తున్నామని చెప్పడానికి వచ్చింది. అక్కడ ఏం వదలాలో అడిగితే, తను టీ వదిలేసి రెండేళ్లు దాటిందని అత్తమ్మ చెప్పడం విన్నాను. ఆమె తన మొక్కు ఇంకా నిలిచే ఉందనుకుంటున్నారని వంటింట్లో చపాతీ పిండి కలుపుతున్న నాకు అప్పుడే తట్టింది. నా సరదా కోసం పెద్దావిడ మొక్కు చెడగొట్టాను. చెబితే ఇక తాగరు, నాలుగింటికి మళ్లీ నేను ఒక్కదాన్నే. చెప్పకపోతే ఆమె మొహం చూడలేను.

నాలుగింటికి ఆమే కప్పులు సర్ది, ఆకు వేసి, నీళ్లు పోస్తున్నారు.

“అత్తమ్మా, ఇది కషాయం గాదు. చాయే. మీకు అబద్ధం చెప్పిన.”

ఆమె చెయ్యి ఆగలేదు. “తెలుసమ్మా. మొదటిరోజే ఆకు విచ్చుకున్నాక చూశాను. నలభై ఏళ్లు టీ కాచినదాన్ని, టీ ఆకు పోల్చుకోలేనా?”

తెలిసీ ఎందుకు తాగారని, మొక్కు ఏమైపోవాలని అడిగాను. ఆమె మూతపెట్టి, తీరిగ్గా కూర్చుని చెప్పారు.

“నువ్వు ఆసుపత్రిలో ఉన్నావని ఫోనొచ్చినప్పుడు గంగ ఒడ్డున ఉన్నాం. నీళ్లలోకి దిగి, పిల్ల లేచొచ్చి మళ్లీ నా ఎదురుగా కూర్చుంటే చాలు, టీ నీకిచ్చేస్తానన్నాను. లేచొచ్చావు. ఎదురుగా కూర్చుని నువ్వే చేసి ఇస్తుంటే ఎలా వద్దంటాను? గంగమ్మకి నేను చెప్పుకుంటాలే.”

మొండితనమని నేను లోలోపల తిట్టుకున్నది దీన్నా! సిగ్గు లేకుండా ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాను. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని మళ్లీ ఆమె మీదే అరిచాను కూడా, నా బుద్ధి ఎక్కడికి పోతుంది. ఆమె కొంగుతో నా మొహం తుడిచి, ఆకు ఎక్కువసేపు నానితే చేదెక్కుతుందని, ముందు వడగట్టమన్నారు.

పాలు పోసిన టీ ఆమె ఇప్పటికీ ముట్టరు. ఊలాంగ్ మాత్రం తాగుతారు. నేను ఆఫీసుకు వెళ్లిన రోజుల్లో ఆ డబ్బా మూత తీయరని మామయ్య చెప్పారు.