దీపం పెట్టాక రంగు చూడని కొట్టు

బెజవాడ వెళ్ళినవాళ్ళు కొండెక్కి అమ్మవారిని చూస్తారు, కృష్ణలో మునుగుతారు, ఓపికుంటే ఉండవల్లి గుహలకు పోతారు. మా అమ్మ మాత్రం ఒక బట్టల కొట్టు చూడాలంది. అందులోనూ ఒక కిటికీ! మాది పెడనలో మగ్గం ఇల్లు. నూలుకు రంగు వేసేది అమ్మ, నేసేది నాన్న, చీరల మూట బెజవాడ పాత ఊళ్ళో షావుకారు గారి కొట్టుకు మోసుకెళ్ళేదీ నాన్నే. "కిటికీ దగ్గర విప్పి చూశారే, రంగు భేషన్నారు" అని ఇంటికొచ్చి ప్రతిసారీ చెప్పేవాడు. ఆ మాట కోసం అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉండేది. నాన్న కిందటేడు పోయాడు. ఉగాది వెళ్ళగానే ఆ కొట్టు పడగొడుతున్నారని తెలిసిన దగ్గర్నుంచి అమ్మకు ఒకటే గుబులు. "ఆ మాట ఒక్కసారి నా చెవులతో వినాలిరా" అంటూ, నాన్న ఆఖరుగా నేసిన ఎర్రచీర సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

మధ్యాహ్నం బండి ఎక్కాం. మూడో తరగతి టిక్కెట్టు మనిషికి రూపాయి లోపే. యుద్ధం ముగిసినా బండ్ల ఆలస్యం మాత్రం ముగియలేదు. గుడివాడలో మమ్మల్ని పక్కన నిలబెట్టి గూడ్సు బండ్లన్నిటినీ మర్యాదగా సాగనంపారు. బెజవాడలో దిగేసరికి పొద్దు వాలిపోతోంది. స్టేషను పడమటి వైపు నుంచి పాత ఊరికి జట్కా నాలుగణాలు. ఆరు అడుగుతారు, ఒప్పుకోకండి.

"గుడికేనా అమ్మా?" అన్నాడు జట్కా అతను.

"కాదు నాయనా, కొట్టు చూడ్డానికి."

"కొట్టులో కొనుక్కుంటారు గానీ చూడ్డానికేముందమ్మా!"

నా అనుమానమూ అదే. పైకి అంటే ఇంకేమైనా ఉందా!

తీరా చూస్తే అది నలభై ఏళ్ళ నాటి మామూలు మిద్దె కొట్టు. టేకు స్తంభాలు, ఒక్కొక్కటిగా బిగించే చెక్క పలకల తలుపులు, ముందు బాగా వెడల్పైన అరుగు. లోపల సున్నం గోడలు, నేల మీద తెల్ల దుప్పట్లు పరిచిన పరుపులు. సరుకు తప్ప ఎక్కడా మరో రంగు కనబడదు. ఉత్తరపు గోడకు మనిషెత్తు కిటికీ. షావుకారు గారు అప్పుడే దీపం వెలిగించి దణ్ణం పెట్టుకుంటున్నారు. మేమెవరమో చెప్పి చీర తీయబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"దీపం పెట్టాక రంగు చూడమమ్మా. దీపం వెలుగులో ఏ ఎరుపైనా బాగానే ఉంటుంది. మా నాన్నగారు పెట్టిన పద్ధతి ఇది. అరుగు మీద పడుకోండి, పొద్దున చూద్దాం."

నాకు ఒళ్ళు మండింది. అమ్మ మాత్రం అప్పుడే చాప పరుస్తోంది. ఆలస్యంగా చేరిన నేతగాళ్ళు వెలుతురు కోసం కాచుకునేందుకే అరుగు అంత వెడల్పుగా కట్టించారట. "మీ నాన్న పడుకునేది ఇక్కడేరా" అంటూ అమ్మ ఆ అరుగును చేత్తో తడుముతూ ఉండిపోయింది.

తెల్లారాక వీధి చివర హోటల్లో ఇడ్లీ తిని వచ్చాం. కిటికీలోంచి ఎండ పొడ లేకుండా తెల్లటి వెలుతురు నిలకడగా పడుతోంది. షావుకారు గారు చీర కొంగు చేతి మీద పరుచుకుని చాలాసేపు చూశారు.

"ఉన్నమాట చెప్పనా అమ్మా? నేతకు వంక పెట్టలేం. రంగే కాస్త నలుపు తిరిగింది. నేత చూసి తీసుకునేవాళ్ళం గానీ, రంగు సంగతి ఇంట్లో చెప్పమని ఆయనకు ఎప్పుడూ చెప్పేవాణ్ణి."

"ఎప్పుడూనా?" అంది అమ్మ.

"ఎప్పుడూనమ్మా. నవ్వి ఊరుకునేవారు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళితే నవ్వుతోంది, కళ్ళనిండా నీళ్ళతో. "చూశావుట్రా మీ నాన్న పని! ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నోరు జారాడా!"

కాసేపటికి తేరుకుని, "ఇంత మంచి కొట్టు ఎందుకు పడగొడుతున్నారు బాబూ?" అని అడిగింది.

"మా పిల్లలు వినడం లేదమ్మా. మేడ కట్టి కరెంటు దీపాలు పెడితే రాత్రి కూడా బేరం సాగుతుందంటారు."

"ఉగాది దాకా ఉంటుందిగా? ఇంకో నూలు చిలపకు రంగు వేసి తెస్తాను. ఈసారి నాకే చెప్పండి."

"అట్లాగే తల్లీ."

తిరుగు బండిలో నాన్న మీద పట్టరాని బెంగ పుట్టింది. రాజులు కట్టించినవి పడిపోతుంటే అయ్యో అంటాం. సరుకు నిజం చూడ్డానికి ఒక వర్తకుడు కట్టించుకున్న కొట్టు పోతుంటే అడిగే నాథుడు లేడు. నాన్న తల వంచుకుని మాట పడి, దాన్ని అక్కడే మింగేసి, ఇంటికి వేరే మాట తెచ్చిన చోటు అది. ఆ గోడలు కూలితే నాకు నాన్న మళ్ళీ పోయినట్టే. మీకు వీలైతే ఉగాదిలోగా వెళ్ళి చూసి రండి. పొద్దున బండికే వెళ్ళండి, రంగు చూడ్డానికి వెలుతురు ఉంటుంది. ఆ అరుగు మీద ఎర్ర నూలు ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలావిడ కనిపిస్తే కాస్త జరిగి కూర్చోండి. మా అమ్మే.